పాత గీత దాకా

“తొంభై అయిదు మీటర్లు కూడా ఉండదు నీ ట్రాక్! నీ పిల్ల పరిగెత్తింది వందమీటర్లు కాదమ్మా, వందమీటర్ల చెల్లెల్ని!”

“మరి ఆ చెల్లెలి మీదే మీ పిల్ల పదమూడున్నర సెకన్లు ఎందుకు తీసుకుందీ? మా ట్రాక్ మా పిల్లకొచ్చేసరికి పొట్టిదైపోయి, మీ పిల్లకొచ్చేసరికి పొడుగైపోయిందా?”

“మా పిల్లకి జ్వరం.”

“రెండో పిల్లకో?”

“దానికీ జ్వరమే.”

“మొత్తం బస్సుకే తగిలినట్టుంది. ఆసుపత్రికి పోకుండా పోటీకెందుకొచ్చారు మరి?”

రేకుల గోడకి ఇవతల కూర్చుని నూనె డబ్బా తుడుచుకుంటున్న లిన్వల్‌కి నవ్వొచ్చింది. గోడకి అవతల పోట్లాడుకుంటున్నది ఎవరో గొంతులు విని చెప్పగలడు. ఒకరు బెతెల్ గ్యాప్ హైస్కూల్లో ఆటలు నేర్పే డాకిన్స్ టీచరు. మనిషి పొట్టి, గొంతు చర్చి గంట. రెండోవాడు కింద సముద్రపొడ్డు పట్నంలోని పెద్ద స్కూలు కోచ్ గేనర్. ఆ మధ్యాహ్నమే జోన్ పోటీలయ్యాయి. డాకిన్స్ టీచరు పిల్ల కెడీన్, పదహారేళ్ళది, గడ్డి మీద, ఒట్టికాళ్ళతో, వందమీటర్లు పదకొండు పాయింట్ తొమ్మిది సెకన్లలో లాగించేసింది. గేనర్ పిల్లలు గీత చేరేసరికి ఇది వెనక్కి తిరిగి నడిచొస్తోంది.

“క్రీడా సంఘానికి కాయితం పెడుతున్నా,” అన్నాడు గేనర్. “బుధవారం ఉక్కుటేపు వస్తుంది. ట్రాక్ తప్పని తేలిందా, ఇవాళ్టి టైములన్నీ రద్దు. చాంప్స్‌కి పేర్లిచ్చే గడువు శుక్రవారం. తర్వాత నువ్వు ఎంత అరుచుకున్నా అంతే. అసలు ఆ గీతలు గీసే ముసలాడికి కళ్ళు కనిపిస్తాయా?”

“చివర్నెక్కడో ఉన్న నీ పిల్లలు కూడా కనిపించారాయనకి. ఇంకేం చూపు కావాలి?”

ముసలాడంటే తనే. లిన్వల్ నవ్వు అక్కడే ఆగిపోయింది. డబ్బా కింద పెట్టాడు.

చాంప్స్ అంటే దేశంలోని స్కూళ్ళన్నీ కింగ్‌స్టన్ స్టేడియంలో పడి కొట్టుకునే రోజులు. ఆ రోజుల్లో పార్లమెంటు కూలిపోయినా ఇక్కడెవడూ తల తిప్పి చూడడు. బెతెల్ గ్యాప్ నుంచి అక్కడికి ఒక్క పిల్లా వెళ్ళింది లేదు. ఇప్పుడు వెళ్ళేది ఒకత్తి పుట్టింది. దాన్ని ఆపేది తన గీతేనా?

లిన్వల్ సున్నంతో గీతలు గీసే రకం కాదు. సున్నం ఒక్క వానకి పోతుంది. లారీల కడుపులోంచి తీసి పారేసే నల్లనూనె గ్యారేజీల నుంచి తెచ్చి, అడుగున చిల్లు పెట్టిన డబ్బాలో పోసి, పరిచిన తాడు వెంబడే నడుస్తాడు. నూనె పడ్డచోట గడ్డి చచ్చిపోతుంది. ఏడాదంతా నల్లటి చారలుంటాయి. పై ఏడు ఆ చారల మీదే మళ్ళీ పోస్తాడు. ఈ కొండల్లో స్కూళ్ళన్నిట్లో ఇదే పద్ధతి. ఇందులో సుఖమేమిటంటే ఒకసారి కొలిస్తే చాలు. కష్టమూ అదే. ఆ ఒక్కసారి తప్పు కొలిస్తే, తప్పుకే ఏటా నూనె పోసి పెంచుతూ ఉంటాం.

లిన్వల్ కొలిచిన ఆ ఒక్కసారి గిల్బర్ట్ తుఫాను తర్వాత. స్కూలు పైకప్పు ఎగిరొచ్చి గ్రౌండులో పడింది. మట్టితోపాటు పాత గీతలూ కొట్టుకుపోయాయి. రోడ్ల శాఖవాళ్ళని బతిమాలి పొడుగు టేపు ఒక గంటకి తెచ్చాడు. ఆ గంటా కుండపోత. పోస్టాఫీసు ముందు రోడ్డు మీద టేపు పరిచి, పక్కన తన కొత్త నారతాడు పరిచి, నూరు దగ్గర ఎర్రగుడ్డతో ముడేశాడు. వారం తర్వాత ఎండ కాశాక ఆ తాడుతోనే గ్రౌండు గీశాడు. పదహారేళ్ళయింది. ఇంతకాలం రాని అనుమానం రేకుల గోడ పక్కన కూర్చోగానే వచ్చింది. తడిసిన చొక్కా బరువెక్కి సాగుతుంది. తాడు కూడా సాగి ఉంటుంది. ఆరాక కుంచించుకుపోయి ఉంటుంది. అంటే గీత పొట్టిదే. గేనర్ చెప్పిందే నిజం.

ఆ సాయంత్రం ఆయన అన్నం ముందు కూర్చుని అట్లాగే లేచిపోయాడు.

కెడీన్‌ని ముందు కనిపెట్టింది కూడా ఆయనే. కనిపెట్టడమంటే ఇష్టంతో కాదు, కోపంతో. రెండేళ్ళ కిందట, పొద్దున్నే కొత్త నూనె పోసి నడుం పట్టుకుని నిలబడితే, బడి గంట కొట్టాక ఓ పిల్ల కంచె దూకి, గ్రౌండుకి అడ్డంగా పడి, ఎనిమిది గీతలూ తొక్కుకుంటూ పోయింది. “ఒసేయ్! ఆగవే!” అని వెంటపడ్డాడు. నాలుగడుగులేసేలోపు అది క్లాసులో ఉంది. మిగిలింది నల్లటి పాదాల గుర్తులు. గడ్డి మీద, సిమెంటు వరండా మీద, మెట్ల మీద. వాటిని కడుక్కోవాల్సింది తనే కనక తిట్టుకుంటూ బకెట్ తెచ్చాడు. తెచ్చి, ఆగాడు. ఒక గుర్తుకీ ఇంకో గుర్తుకీ మధ్య దూరం చూశాడు. డబ్బా మోసే కర్ర పెట్టి కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. బకెట్ అక్కడే వదిలేసి డాకిన్స్ టీచరు దగ్గరికి నడిచాడు.

“టీచరమ్మా, ఓ పిల్లని తిట్టాలి.”

“దేనికి?”

“నా గీతలు తొక్కింది. తిట్టేముందు ఓసారి పరిగెత్తించి చూడు.”

ఆ పిల్ల మిస్ ఐసీ మనవరాలని తేలింది. మిస్ ఐసీ శనివారాలు బజారులో యామ్ దుంపలమ్ముతుంది, మిగతా రోజులు నలుగురి బట్టలుతుకుతుంది. కెడీన్ తల్లి సముద్రపొడ్డున హోటల్లో పక్కలు వేసే పని చేస్తూ నెలకోసారి వచ్చిపోతుంది. పొద్దున్నే మేకల్ని కొండ మీద కట్టేసి రావడం కెడీన్ పని. అందుకే రోజూ ఆలస్యం, అందుకే రోజూ పరుగు. పిల్లని ఆటలకి పంపమని టీచరు అడగడానికి వెళ్తే మిస్ ఐసీ బట్టలు పిండుతూనే అంది: “పరిగెత్తడానికి నీ దగ్గరికి రావాలా? ఇంటి దగ్గర పరిగెత్తడం లేదా? సరే, తీసుకుపో. కానీ మేకలు నీవి కావు. అవయ్యాకే.”

రెండేళ్ళు అవయ్యాకే వచ్చింది. ఇప్పుడు పదకొండు పాయింట్ తొమ్మిది.

బుధవారం తెల్లవారుతూనే లిన్వల్ గ్రౌండులో ఉన్నాడు. చేతిలో డబ్బా, నిండా నూనె. చివరి గీతకి అయిదు మీటర్లు అవతల కొత్త గీత పోద్దామని. నూనె పోయడానికి వంగాడో లేదో, కంచె దగ్గర మేక అరిచింది.

“తాతా, ఏం చేస్తున్నావ్?”

“ఏం లేదు. నువ్వెళ్ళు.”

కెడీన్ మేకల్ని అక్కడే వదిలేసి వచ్చింది. డబ్బా చూసింది. గీత చూసింది. అది మాటలు తక్కువ పిల్ల కానీ, లెక్కలు తెలియని పిల్ల కాదు.

“పొట్టిదా?”

లిన్వల్ డబ్బా నేల మీద ఆనించాడు. “వానలో కొలిచానే,” అన్నాడు. “నా తప్పు. నా తప్పుకి నువ్వు ఆగిపోకూడదు.”

“నువ్విప్పుడు గీత జరిపితే నేను పరిగెత్తింది దొంగపరుగైపోదా? అయినా తాజా నూనె. ఆ గేనర్ ముక్కు నువ్వు చూళ్ళేదా? పట్నంలో ఉండగానే వాసన పట్టేస్తాడు.”

“నవ్వులాటగా ఉందా నీకు?”

“పొట్టిదైతే పొట్టిదే. ఈసారి నిజంగా వంద పెట్టమను, మళ్ళీ పరిగెత్తుతా. పరిగెత్తడం నా పని. నువ్వు డబ్బా లోపల పెట్టు.” ఒక్కడుగు వేసి ఆగి, “నా మేకలు నీ గడ్డి తింటున్నాయి, ఏమనుకోకు,” అని వెళ్ళిపోయింది.

ఆయన డబ్బా లోపల పెట్టాడు.

పదింటికల్లా ఊరు ఊరంతా గ్రౌండు చుట్టూ ఉంది. డామినోలాడేవాళ్ళు బల్లతో సహా వచ్చారు. గేటు దగ్గర మాంసం కూరిన ప్యాటీలమ్మే పెట్రోనా తన గాజుపెట్టె తోసుకుంటూ లోపలికే వచ్చేసింది. క్రీడా సంఘం నుంచి వచ్చిన ప్రెండర్‌గాస్ట్ గారు చామనఛాయ మనిషి, ఎండుకర్రలా ఉన్నాడు, టై కట్టుకున్నాడు. ఆయన చేతిలో యాభై మీటర్ల ఉక్కుటేపు.

“ఒరే, ఆ టై కూడా కొలతకేనా?” అని డామినో బల్ల దగ్గర ఎవడో అన్నాడు.

“నోరు మూసుకోరా. పెద్దాయన నీ నాలుక కొలిస్తే టేపు చాలదు.”

మొదటి యాభై అయింది. అక్కడ మేకు పాతారు. రెండో యాభై పరిచారు. లిన్వల్ నేలకేసి చూస్తున్నాడు. జనం ఒక్కసారిగా గప్‌చిప్ అయ్యారు. అయిపోయిందనుకుని తలెత్తాడు. టేపు చివర పట్టుకుని ప్రెండర్‌గాస్ట్ గారు గడ్డి మధ్యలో నిలబడి ఉన్నాడు. నల్లగీత ఆయన ముందు ఉంది. దూరంగా.

ఆయన వెనక్కి వెళ్ళి మొదటినుంచీ మళ్ళీ కొలిచాడు. కళ్ళజోడు తుడుచుకున్నాడు.

“నూట మూడు మీటర్ల ఇరవై సెంటీమీటర్లు,” అన్నాడు.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత డాకిన్స్ టీచరు నవ్వింది. ఆ నవ్వు కింద పట్నం దాకా వినబడి ఉంటుంది.

“చెల్లెలు కాదు గేనర్! అక్క! వందమీటర్ల అక్క!”

“ఆ టేపు తప్పు,” అన్నాడు గేనర్.

“అయితే మీ ఊరి నుంచి ఇంకోటి తెప్పించు. జ్వరమొచ్చిన టేపు!”

జనం నవ్వుతున్నారు, గెంతుతున్నారు. లిన్వల్ మాత్రం బోర్లించిన బకెట్ మీద కూలబడ్డాడు. మిస్ ఐసీ నడుం మీద చేతులు పెట్టుకుని ఆయన ముందుకొచ్చి నిలబడింది.

“ఏమయ్యా లిన్వల్, తాడు వానలో కొలిచావా?”

“నీకెవరు చెప్పారు?”

“నలభై ఏళ్ళుగా బట్టలారేస్తున్నా. నారతాడు తడిస్తే బిగుసుకుంటుంది. ఆరితే వదులై సాగుతుంది. వానొస్తే నా దండెం గుంజలు పీకేసేంత బిగుస్తుంది. ఈ ముక్కకి టేపెందుకు, ఉతికే ఆడదాన్ని ఎవర్నడిగినా చెబుతుంది. మగాళ్ళు కదా, అడగరు.”

ఇంతలో ప్రెండర్‌గాస్ట్ గారు గొంతు సవరించుకున్నాడు. కాయితంలో రాసుకున్నది చదివాడు. ట్రాక్ నూరు మీటర్లు కాదు. కనక ఆ రోజు టైములు చెల్లవు.

“పొడుగైతే కూడానా?” అంది డాకిన్స్ టీచరు. నవ్వు పోయింది.

“నిబంధనలో పొడుగు, పొట్టి అని లేదమ్మా. నూరు అని ఉంది.”

గేనర్ టోపీ సర్దుకున్నాడు. ఈసారి నవ్వు ఆయనది.

కెడీన్ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. బడి గౌను మీద ఉంది. “సార్,” అంది, “మీ దగ్గర టేపుంది. వాచీ ఉంది. నేనూ ఉన్నాను. ఇప్పుడు పరిగెత్తితే చెల్లుతుందా?”

ప్రెండర్‌గాస్ట్ గారు కాయితం అటూ ఇటూ తిప్పాడు. నిబంధనలు ఎండుకర్రలే కానీ వాటిని మోసుకుతిరిగే మనిషి ఎండుకర్ర కాదని అప్పుడు తెలిసింది. “మూడు వాచీలు కావాలి,” అన్నాడు. “ఇంకో స్కూలు మనిషి సాక్షి ఉండాలి.” గేనర్ చేతికి ఒక వాచీ ఇచ్చాడు. “మీరున్నారు కదా.”

చాంప్స్‌కి కావలసింది పన్నెండున్నర. నూరు దగ్గర లిన్వల్ సున్నంతో గీత గీశాడు. గీత కాస్త వంకర పోయింది. ప్రెండర్‌గాస్ట్ గారు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. కెడీన్ గౌను అంచు పైకి దోపుకుంది. చెప్పులు విప్పి పెట్రోనా పెట్టె పక్కన పెట్టింది.

చప్పట్ల శబ్దంతో బయల్దేరింది. మొదట కాస్త మెల్లగానే లేచింది, అది ఎప్పుడూ అంతే. సగం దాటాక లిన్వల్‌కి గడ్డి మీద కాళ్ళ చప్పుడు వినిపించడం మానేసింది. అసలు ఆయన అప్పుడు చూసిందేమిటంటే, సున్నపు గీత దగ్గర అది ఆగలేదు. ఆ గీత ఉన్నట్టే దానికి తెలియలేదు. అంతే జోరుతో నల్లగీత దాకా పోయి, అది దాటాక వదిలింది. ఈ రెండేళ్ళూ రోజూ ఎక్కడ దాకా పరిగెత్తిందో అక్కడ దాకా.

“పదకొండు పాయింట్ అయిదు,” అన్నాడు ప్రెండర్‌గాస్ట్ గారు.

“పదకొండు పాయింట్ అయిదు,” అంది డాకిన్స్ టీచరు.

గేనర్ తన వాచీ చాలాసేపు చూసుకున్నాడు. ఆ మనిషి నోరు చెడ్డదే కానీ చెయ్యి చెడ్డది కాదు. “నాలుగు,” అన్నాడు. “నా దాంట్లో పదకొండు పాయింట్ నాలుగు.”

ఊరంతా కెడీన్‌ని భుజాలకెత్తుకుంది. కానీ ఇది అంతా బాగున్న కథ కాదు. ప్యాటీల పెట్రోనా తన పెట్టె దగ్గరే నిలబడిపోయింది. లిన్వల్ అటు నడిచాడు. ఎనిమిదేళ్ళ కిందట ఇదే గ్రౌండులో పెట్రోనా జోన్ పోటీల్లో పరిగెత్తింది. కావలసిన టైముకి ఒక్క పదోవంతు సెకను ఎక్కువై ఆగిపోయింది. మూడు మీటర్లంటే ఒక్క పదోవంతు కాదు, మూడు పదోవంతులకి పైమాటే. అట్లా పదహారేళ్ళలో ఎందరు పిల్లలో. వాళ్ళంతా తమ కాళ్ళదే తప్పనుకుని ఇళ్ళకి పోయారు.

“పెట్రోనా,” అన్నాడు.

“తెలుసులే తాతా. ఇందాకే లెక్క కట్టుకున్నా.” ఆమె పెట్టె తలుపు తీసి మూసింది. “నీ మీద కోపం రావాలని చూస్తున్నా. సగమే వస్తోంది.”

“నన్నేం చెయ్యమంటావు?”

“ఏం చేస్తావు? ప్యాటీ కొనుక్కో.”

ఆయన కొనుక్కున్నాడు. ఆ రోజు మొదలు బడి ఉన్న ప్రతి రోజూ ఒకటి కొనుక్కుంటూనే ఉన్నాడు. డాక్టరు వద్దన్నాక కూడా.

చాంప్స్‌కి బెతెల్ గ్యాప్ నుంచి రెండు బస్సులు కట్టారు. కెడీన్‌తో పాటు మిస్ ఐసీ గిన్నెల్లో ఉడకబెట్టిన పచ్చి అరటికాయ, ఉప్పుచేప వెళ్ళాయి. స్టేడియం బల్లల మీద పెద్ద స్కూళ్ళ జనం జెండాలూ డోళ్ళూ పెట్టుకుని సముద్రంలా ఉంటే, మనవాళ్ళు నూటపాతికమంది ఓ మూల నక్కారు. ఫైనల్లో ఎనిమిదిమంది. అరవై మీటర్ల దగ్గర కెడీన్ అయిదో స్థానం. పక్కనున్న కింగ్‌స్టన్ కుర్రాడొకడు జాలిపడ్డాడు కూడా: “మీ పిల్ల బాగానే పరిగెత్తింది, ఆంటీ.”

“ఆగరా బాబూ,” అంది మిస్ ఐసీ. “ఇంకా అవలేదు.”

అప్పుడు లేచింది పెట్రోనా. బల్ల మీదెక్కి గొంతు చించుకుంది: “పాత గీత దాకా! కెడీన్, పాత గీత దాకా!” నూటపాతికమందీ అందుకున్నారు. చివరి పదిహేను మీటర్లలో మిగతా ఏడుగురూ గీత వైపు వంగుతున్నారు, పళ్ళు బిగిస్తున్నారు, చేతులు విసురుతున్నారు. కెడీన్‌కి అసలు అక్కడ గీతే లేదు. దాని గీత ఇంకా మూడు మీటర్ల అవతల ఉంది. నాలుగు, మూడు, రెండు. గీత దగ్గర మొదటిది.

ఆ తర్వాత కథ దేశానికి తెలుసు కనక గబగబా చెప్పేస్తాను. అమెరికా కాలేజీల నుంచి ఉత్తరాలొస్తే కెడీన్ వెళ్ళలేదు. “చలికి నా కాళ్ళు మొరాయిస్తాయి,” అంది. కింగ్‌స్టన్ క్లబ్బులో చేరింది. ఇరవయ్యో ఏట దేశపు జెర్సీ, ఇరవై రెండో ఏట రిలేలో బంగారం. విలేకరులు కొండెక్కొచ్చి, ఈ పిల్ల యామ్ దుంప తిని ఇంత వేగం తెచ్చుకుందని రాశారు. దుంప తింటే వేగం వచ్చేట్టయితే మా పాస్టరుగారు పక్కవీధి చర్చికి టాక్సీలో ఎందుకు పోతాడు? చివర్న ఆమె ఎందుకు తగ్గదని ఒక్కడు మాత్రం తిన్నగా అడిగాడు. “మా ఊళ్ళో తాడు వదులు,” అంది కెడీన్. అతనికి అర్థం కాలేదు, పత్రికలో వెయ్యలేదు.

ఇరవై నాలుగో ఏట ప్రపంచ పోటీల ఫైనల్. ఊరంతా పెట్రోనా కొట్లో టీవీ ముందు. పెట్రోనాకి అప్పటికి గాజుపెట్టె పోయి కొట్టు వచ్చింది. లిన్వల్ లోపలికి రాలేదు. గ్రౌండుకి పోయి నల్లగీత మీద నిలబడ్డాడు. కొట్లో జనం గోల ఆగిపోయిందంటే పిల్లలు గీత మీద కూర్చున్నారని. లోలోపల లెక్కపెట్టుకున్నాడు. ఒకటి, రెండు, మూడు. ఏడు దగ్గర కూడా నిశ్శబ్దమే. ఎనిమిది దగ్గర ఎవరో ఆడగొంతు ఒక్కటే: “పాత గీత దాకా!” పదకొండు అనేలోపు రేకుల కప్పు ఎగిరిపోయేంత కేక. గ్రౌండు అవతలి కొండ కూడా ఆ కేకని తిరిగి పంపింది. గీత మీద ముసలాయన ఒక్కడే, ఎవరూ చూడటం లేదు కనక, చేతులు రెండూ పైకెత్తాడు.

ఇరవై ఏడో ఏట తొడ కండరం తెగింది. పత్రికలు పని అయిపోయిందన్నాయి. రెండేళ్ళు కూర్చుంది, తిట్టింది, ఏడ్చింది, బెతెల్ గ్యాప్ వచ్చి మేకలు కాసింది. మళ్ళీ లేచి ఇరవై తొమ్మిదిలో దేశపు పోటీల్లో గెలిచింది. ఆ రోజు స్టేడియంలో కింగ్‌స్టన్ జనమే అరిచారు, పాత గీత దాకా అని. ఆ గీత ఎక్కడుందో వాళ్ళకెవరికీ తెలియదు.

ముప్ఫై ఒకటిలో బూట్లు విప్పేసింది. అదే ఏడు బెతెల్ గ్యాప్ స్కూలుకి ఆమె పేరు మీద రబ్బరు ట్రాక్ మంజూరయింది. ఎర్రటిది, తెల్లటి గీతలతో, అన్నీ మిషను కొలిచినవి. గ్రౌండు తవ్వడానికి బండి వచ్చి నిలబడింది. మర్నాడు పొద్దున్న మొదలు. డెబ్భై మూడేళ్ళ లిన్వల్ సామాన్ల గదిలోంచి తన డబ్బాలూ కర్రా బయట పెట్టుకుంటున్నాడు. తాడు ఇంకా మేకుకి వేలాడుతోంది. ఎర్రగుడ్డ వెలిసిపోయి గులాబీ రంగుకి వచ్చింది.

కెడీన్ కారు గేటు దగ్గరే వదిలి గ్రౌండుకి అడ్డంగా పడి వచ్చింది.

“గీతలు తొక్కుతున్నావే, ఇప్పటికీ,” అన్నాడు లిన్వల్.

“రేపు ఎట్లాగూ పోయేవేగా. నడుం ఎట్లా ఉంది తాతా?”

“నడుమా? అది ఉందని నువ్వడిగాకే గుర్తొచ్చింది. నీకేం, చాంపియన్‌వి. ఇక్కడేం పని?”

“ఉద్యోగం వచ్చింది. పైన మిస్టీ రిడ్జ్‌లో, చిన్నపిల్లల బడి. ఆటలు నేర్పాలి.”

“అక్కడ గ్రౌండెక్కడుందే? అది ఆవుల బీడు.”

“ఆవులతో మాట్లాడుకుంటాలే.” ఆమె గదిలోకి తొంగి చూసింది. మేకు మీద తాడు చేత్తో తడిమింది. “దీన్ని పారేస్తున్నావా?”

లిన్వల్ చేతిలో కర్ర గోడకి ఆనించాడు. “అది చాలామంది పిల్లల్ని ఆపేసిన తాడే,” అన్నాడు.

“ఆపేసింది. పెట్రోనా అక్కతో దారిలో మాట్లాడే వచ్చా. అక్క రెండో కూతురు అక్కడే, ఆ బడిలోనే. ఆరేళ్ళు. బెల్లు కొట్టేలోపు రెండుసార్లు బీడు చుట్టొస్తుందట.” నవ్వింది. “పోటీ పెట్టే గీత టేపుతో నేనే కొలుస్తా. నూరంటే నూరే, ఒక్క వేలు అటూ ఇటూ పోనివ్వను. అక్క దగ్గర మాటిచ్చాను. కానీ రోజూ పరిగెత్తించడానికి ఇంకో గీత కావాలి. అది నాకు గీయడం రాదు.”

“ఏం గీత?”

కెడీన్ మేకు మీదనుంచి తాడు తీసి ఆయన చేతిలో పెట్టింది.

“డబ్బా తెచ్చుకో, నూనె నేను తెస్తా. ఒక్కటే అడుగుతున్నా తాతా. వాన పడే రోజు చూసుకుని రా. తడితాడు మీదే కొత్త ముడెయ్యి. ఆరాక గీత గియ్యి.”